బెంగళూరులో మెటల్ షోకి హైదరాబాద్ నుంచి: టికెట్ మొదలు తిరుగు బస్సు దాకా

ఇంగ్లండ్ హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ మన దేశంలో మొదటిసారి వాయించింది 2007 మార్చి 17న, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో. మరుసటి ఏడాది ఫిబ్రవరి 1న ముంబై, 2009 ఫిబ్రవరిలో మళ్లీ బెంగళూరు. 2008లో మెగాడెత్, 2011లో మెటాలికా, 2012లో స్లేయర్ కూడా బెంగళూరుకే వచ్చారు. హైదరాబాద్‌లో ఉన్నా వైజాగ్‌లో ఉన్నా మెటల్ అభిమానికి దీన్నిబట్టి తెలిసేది ఒకటే: పెద్ద బ్యాండ్ వచ్చిందంటే మనం ఊరు దాటాల్సిందే.

పైగా వీళ్లంతా పాతకాపులు. బేస్ గిటార్ వాయించే స్టీవ్ హ్యారిస్ ఈస్ట్ లండన్‌లో మెయిడెన్‌ని మొదలుపెట్టింది 1975 క్రిస్మస్ రోజున. ఆయన పుట్టింది 1956లో, గాయకుడు బ్రూస్ డికిన్సన్ 1958లో. డ్రమ్మర్ నికో మెక్‌బ్రెయిన్ 2024 డిసెంబర్‌లో సావో పాలో షోతో టూర్లకి సెలవు చెప్పేశాడు. "ఈసారి కాకపోతే వచ్చేసారి" అని వాయిదా వేసుకునే వయసు మనకి ఉందేమో గానీ వాళ్లకి లేదు. అందుకే అవకాశం వచ్చినప్పుడు సరిగ్గా వెళ్లి రావాలి.

ఈ గైడ్ కాస్త తలకిందులుగా నడుస్తుంది. అందరూ టికెట్‌తో మొదలుపెడతారు, మనం తిరుగు ప్రయాణంతో మొదలుపెడదాం. బయలు మైదానంలో షో పాడయ్యేది చాలావరకు చివరి గంటలోనే. ఇంటికెలా వెళ్లాలో తెలియనివాడు ఆఖరి మూడు పాటలూ ఫోన్‌లో క్యాబ్ వెతుక్కుంటూ గడిపేస్తాడు.

1. ముందు బయటపడే దారి

మన దేశపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయలు ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. ఏడాదిలో కొన్ని రోజులకి ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు గానీ, షో పదికి ముగుస్తుందనే లెక్క వేసుకోండి. మెయిడెన్ లాంటి బ్యాండ్ దాదాపు రెండు గంటలు వాయిస్తుంది కాబట్టి ఎనిమిది లోపే మొదలవ్వాలి. ఆఫీసు అవగొట్టుకుని తాపీగా వద్దామనుకునే బెంగళూరు స్నేహితుడికి ఈ లెక్క ముందే చెప్పేయండి.

తర్వాత మైదానం ఎక్కడో చూడండి. ప్యాలెస్ గ్రౌండ్స్ అని టికెట్ మీద ఉన్నా అది ఒకే మైదానం కాదు. గాయత్రి విహార్, త్రిపురవాసిని అంటూ లోపల వేర్వేరు ప్రాంగణాలు, వాటికి వేర్వేరు గేట్లు. ఒక గేటు నుంచి ఇంకో గేటుకి నడిచేసరికి చెమటలు పడతాయి. గేటు పేరు, నంబరు రాసిపెట్టుకోండి. ఇక్కడున్న సౌకర్యం ఏమిటంటే మేక్రీ సర్కిల్, హెబ్బాళ్ రెండూ బళ్లారి రోడ్డు మీదే ఉన్నాయి, హైదరాబాద్ బస్సులు వెళ్లేదీ ఆ దారినే.

తుమకూరు రోడ్డులో ఉన్న నైస్ గ్రౌండ్స్ అయితే కథ వేరు. ఊరికి చాలా దూరం, కానీ 2024 నవంబర్ నుంచి నమ్మ మెట్రో గ్రీన్ లైన్ మాదవర దాకా వెళ్తోంది. యశ్వంతపూర్ కూడా అదే లైన్ మీద ఉంది. అక్కడ షో అయితే కారు ఆలోచనే వద్దు. ఆ రోజు ఆఖరి రైలు ఎన్నింటికో మెట్రో వాళ్ల యాప్‌లో చూసుకోండి, కార్డులో డబ్బు ముందే వేసుకోండి. షో అయ్యాక టికెట్ కౌంటర్ ముందు క్యూ చూస్తే కార్డు విలువ తెలుస్తుంది.

అదే రాత్రి బస్సెక్కి వచ్చేద్దామా? చేయొచ్చు గానీ నేను వద్దంటాను. చెమటతో తడిసిన టీషర్ట్, వాచిన పాదాలు, మూసుకుపోయిన చెవులు, వాటితో స్లీపర్‌లో ఎనిమిది తొమ్మిది గంటలు. తప్పదనుకుంటే బోర్డింగ్ పాయింట్ మైదానానికి దగ్గర్లో ఎంచుకోండి, షో ముగిశాక కనీసం గంటన్నర తర్వాతి బస్సు చూసుకోండి.

ఉండేట్టయితే గది నడిచి చేరే దూరంలో తీసుకోండి. ప్యాలెస్ గ్రౌండ్స్‌కి ఆర్టీ నగర్, జయమహల్ వైపు. నైస్ గ్రౌండ్స్‌కి పీణ్య, యశ్వంతపూర్ లాంటి మెట్రో స్టేషన్ పక్కన. కోరమంగళలో మంచి హోటల్ తక్కువకి దొరికిందని మురిసిపోకండి. మిగిలిందంతా ఆ రాత్రి ఆటోవాడికి ఇచ్చుకుంటారు.

2. తేదీని ఎంతవరకు నమ్మాలి

2011 అక్టోబర్‌లో మెటాలికా ముందు గుర్‌గావ్‌లో వాయించాలి. జనం వచ్చేశారు. షో వాయిదా అన్నారు, బ్యారికేడ్లు విరిగాయి, స్టేజి ధ్వంసమైంది, చివరికి రద్దయింది. రెండు రోజుల తర్వాత అక్టోబర్ 30న బెంగళూరులో మాత్రం అదే బ్యాండ్ బ్రహ్మాండంగా వాయించింది.

పాతకాపుల విషయంలో ఆరోగ్యం ఇంకో లెక్క. గాయకుడు స్టీవెన్ టైలర్ గొంతు కోలుకోకపోవడంతో 2024 ఆగస్టులో ఏరోస్మిత్ టూర్లకే స్వస్తి చెప్పింది. "ఫేర్‌వెల్" అన్న మాటని మాత్రం అంతగా పట్టించుకోనక్కర్లేదు: స్కార్పియన్స్ 2010లో వీడ్కోలు అన్నారు, ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి తిరిగారు. స్లేయర్ 2019లో ముగించి 2024లో మళ్లీ స్టేజి ఎక్కింది. కానీ బ్లాక్ సబ్బాత్ 2025 జులై 5న బర్మింగ్‌హామ్ విల్లా పార్క్‌లో ఆఖరి షో చేసిన 17 రోజులకి దాని గాయకుడు ఆజీ ఆస్బోర్న్ పోయాడు. ఎవరి వీడ్కోలు నిజమో మనకెవరూ ముందు చెప్పరు.

కాబట్టి మూడు పనులు. రద్దు చేసుకోగల గది బుక్ చేయండి. రైలు అయితే రద్దు చేసినా కొంత వెనక్కి వస్తుంది, చవక విమాన టికెట్లలో చాలావాటికి దాదాపు ఏమీ రాదు, ఆ తేడా గుర్తుపెట్టుకోండి. టికెట్ అమ్మిన యాప్‌లో మీ ఈమెయిల్, ఫోన్ నంబర్ సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి, రిఫండ్ సమాచారం వచ్చేది అక్కడికే.

3. టికెట్

బుక్‌మైషో, డిస్ట్రిక్ట్ లాంటి యాప్‌లలో పెద్ద షోలకి ముందు వెయిటింగ్ రూమ్ తెరుస్తారు, అమ్మకం మొదలవగానే క్యూ నంబర్ వస్తుంది. అమ్మకానికి ముందు రోజే లాగిన్ అయి కార్డు, చిరునామా అన్నీ సేవ్ చేసిపెట్టుకోండి. యూపీఐ ఒక్కదాన్నే నమ్ముకోకండి. అందరూ ఒకేసారి నొక్కే ఆ ఐదు నిమిషాల్లోనే బ్యాంకు సర్వర్ మొరాయిస్తుంది. నలుగురు స్నేహితులు నాలుగు ఫోన్లలో కూర్చుని, ఎవరికి ముందు వస్తే వాళ్లు నలుగురికీ కొనడం మంచి పద్ధతి. ఎవరు ఎంతవరకు పెట్టగలరో ముందు రోజే తేల్చుకోండి. కౌంట్‌డౌన్ నడుస్తుండగా "గోల్డా, సిల్వరా" అని చర్చ పెట్టేవాడు ప్రతి గుంపులో ఒకడుంటాడు.

బ్యాండ్ అధికారిక ఫ్యాన్ క్లబ్‌లో చేరడం దండగ అనుకోకండి. మెయిడెన్ క్లబ్ సభ్యులకి చాలా టూర్లలో ముందస్తు అమ్మకం ఉంటుంది. దానికి తోడు "ఫస్ట్ టు ది బ్యారియర్" అనే లాటరీ ఉంది. పేరు తగిలినవాళ్లు మిగతా జనానికన్నా ముందు లోపలికి వెళ్తారు. ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో చదువుకుంటూ అక్కడి షోలకి వెళ్లే మనవాళ్లకి ఇది ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

స్టేజికి దగ్గరి విభాగం కొనాలా? ధర మూడు రెట్లయితే నేను వెనకదే కొంటాను. ఎందుకో ఎనిమిదో మెట్టులో చెబుతాను. రీసేల్ సైట్లలో, వాట్సాప్ గ్రూపుల్లో "అన్నా, ఒక టికెట్ ఎక్స్‌ట్రా ఉంది" అనేవాళ్ల దగ్గర స్క్రీన్‌షాట్ కొనకండి. ఒకే క్యూఆర్ కోడ్ పదిమందికి అమ్మినా గేటు దగ్గర తెరుచుకునేది మొదట వచ్చినవాడికే.

4. వెళ్లడం

హైదరాబాద్ నుంచి బెంగళూరు సుమారు 570 కిలోమీటర్లు. కాచిగూడ-యశ్వంతపూర్ వందే భారత్ తెల్లవారుజామున ఎక్కితే మధ్యాహ్నానికి దింపుతుంది. వారంలో ఒక రోజు నడవదు, చూసుకోండి. వెనక నిలబడి చూసేవాళ్లకి అదే రోజు ఈ రైలు సరిపోతుంది. స్టేజి ముందు బ్యారికేడ్ పట్టుకుని నిలబడాలన్న కోరిక ఉంటే ముందు రాత్రే బయల్దేరాలి. విజయవాడ నుంచి రాత్రి రైళ్లున్నాయి, తిరుపతి నుంచైతే బస్సులకి కొదవ లేదు.

విమానంలో వెళ్లేవాళ్లు ఒకటి గమనించండి: దేవనహళ్లి విమానాశ్రయం ఊరికి 30 కిలోమీటర్ల పైనే. బుల్లెట్ బెల్టు, స్పైకుల బ్రేస్‌లెట్ చేతి సామానులో పెట్టుకుంటే సెక్యూరిటీ దగ్గరే ముచ్చట తీరిపోతుంది.

5. నెల ముందు నుంచి

సెట్‌లిస్ట్, అంటే షోలో వాయించే పాటల వరుస, ముందే చూడాలా వద్దా అన్నది మెటల్ అభిమానుల్లో ఎడతెగని తగువు. ఆశ్చర్యం కావాలనుకునేవాళ్లు చూడకండి. నేను చూస్తాను. సెట్‌లిస్ట్.ఎఫ్ఎం సైట్‌లో అదే టూర్‌లోని గత షోల జాబితాలు ఉంటాయి. మెయిడెన్ లాంటి బ్యాండ్ ఒక టూర్ మొత్తం దాదాపు ఒకే వరుస వాయిస్తుంది కాబట్టి, నీళ్లు తాగడానికి ఏ పాట వదులుకోవచ్చో కూడా తెలుస్తుంది. మెటాలికా తన ఎం72 టూర్‌లో చాలాచోట్ల ఒకే వారాంతంలో రెండు రాత్రులు, ఒక్క పాటా రిపీట్ కాకుండా వాయించింది. అలాంటప్పుడు జాబితా చూసే ఏ రాత్రికి కొనాలో తేల్చుకోవాలి.

మాటలు నోటికి రాకపోయినా ఫర్వాలేదు. మెయిడెన్ షోల్లో జనం పాడేది సగం గిటార్ రాగాలే, "ఓ ఓ ఓ" అంటూ. ఆ రాగాలు చెవిలో పడితే చాలు, మీరూ ఆ గుంపులో కలిసిపోతారు.

ఒళ్లు కూడా సిద్ధం చేయండి. గేట్లు తెరిచింది మొదలు ఆఖరి పాట దాకా ఆరేడు గంటలు నిలబడాలి. రోజంతా కుర్చీలో కూర్చునే ఐటీ ఉద్యోగం అయితే నెల ముందు నుంచి సాయంత్రం గంట నడవండి. హెడ్‌బ్యాంగింగ్ చేసేవాళ్లు మెడకి చిన్న చిన్న వ్యాయామాలు మొదలుపెట్టండి. తల ఊపాల్సింది మెడతో ఒక్కదానితోనే కాదు, నడుము నుంచి. నలభై దాటినవాళ్లకి ఈ మాట మరీ చెబుతున్నాను. 2007లో కాలేజీ ఎగ్గొట్టి వెళ్లినవాళ్లు ఇప్పుడు ఆ వయసుకి అటూ ఇటూగానే ఉన్నారు.

6. ఒంటి మీద, జేబులో

బూట్లు: పాతవి, కాలికి అలవాటైనవి, ముందు భాగం మూసుకున్నవి. చెప్పులతో వెళ్లొద్దు. షో అయ్యాక మైదానంలో పడి ఉన్న ఒంటి చెప్పులు చూస్తే ఎందుకో తెలుస్తుంది. కాటన్ నల్ల టీషర్ట్. ప్యాచ్‌లు కుట్టిన డెనిమ్ జాకెట్ బెంగళూరు ఫిబ్రవరి రాత్రికి హాయిగానే ఉంటుంది, మార్చి మధ్యాహ్నం క్యూలో మాత్రం నరకం. అక్టోబర్, నవంబర్ షోలైతే వాన ఖాయమనుకుని, గొడుగు కాకుండా మడిచి జేబులో పెట్టుకునే రెయిన్‌కోటు తీసుకెళ్లండి. గొడుగులు లోపలికి రానివ్వరు.

గేటు దగ్గర పోగొట్టుకునేవి: స్పైకులు, చైన్లు, పవర్ బ్యాంక్, లైటర్, పెర్ఫ్యూమ్, నీళ్ల సీసా, లెన్స్ మార్చే కెమెరా. కొన్నిచోట్ల నాణేలు కూడా తీసేసుకుంటారు. జాబితా షో షోకీ మారుతుంది, టికెట్ కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. తీసుకున్న వస్తువు తిరిగి ఇస్తారన్న ఆశ పెట్టుకోవద్దు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు, రెండు మూడు ఐదొందల నోట్లు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్ రాసిన చిన్న కాగితం, ఇవి మాత్రం జిప్పు ఉన్న ముందు జేబులో ఉండాలి.

ఇక చెవులు. ఈ ఒక్క విషయంలో నేను బతిమాలతాను. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకి 8 గంటలు భరించొచ్చని వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. అలా లెక్కేస్తే 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. సంగీత వేదికల్లో సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. అంటే నియమం పాటించిన షోలో కూడా రెండు గంటలు చెవికి ఎక్కువే.

మందుల షాపులో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్ చాలు. పెట్టుకోవడంలోనే కిటుకుంది. శుభ్రమైన వేళ్లతో దాన్ని సన్నగా, ముడతల్లేకుండా చుట్టండి. కుడి చెవికి పెడుతుంటే ఎడమచేతిని తల మీదుగా తెచ్చి కుడి చెవి పైభాగాన్ని పైకి, వెనక్కి లాగండి. అప్పుడు చెవి రంధ్రం నిటారుగా తెరుచుకుంటుంది. చుట్టిన ప్లగ్ లోపలికి జార్చి, అది ఉబ్బేదాకా అరనిమిషం వేలితో నొక్కి పట్టుకోండి. సరిగ్గా కూర్చుంటే మీ గొంతు మీకే కుండలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. ఫోమ్ వల్ల గిటార్ మసకబారినట్టు అనిపిస్తే సంగీతకారుల కోసం చేసే ఫిల్టర్ ప్లగ్‌లు కొనుక్కోండి. అవి అన్ని స్థాయిల్నీ దాదాపు సమానంగా తగ్గిస్తాయి, స్వరాల స్పష్టత పోదు. పిల్లల్ని తీసుకెళ్తే వాళ్లకి చెవుల మీద బోర్లించే మఫ్‌లు తప్పనిసరి. అసలు ఆ వయసువాళ్లని రానిస్తారో లేదో ముందు కనుక్కోండి.

7. ఆ రోజు

పొద్దున్నే కడుపునిండా తినండి. మధ్యాహ్నం పెరుగన్నం లాంటి చల్లటి భోజనం. మసాలా బిర్యానీ తిని ఆరు గంటలు నిలబడటం సాహసమే. ఉదయం నుంచి కొద్దికొద్దిగా నీళ్లు తాగుతూ ఉండండి. క్యూలో నిలబడబోతూ ఒక్కసారిగా లీటరు తాగితే బ్యారికేడ్ దగ్గర ఇబ్బంది పడేది మీరే. బీరు మీ ఇష్టం, కానీ ఎండలో క్యూలో తాగిన బీరుకి మెయిన్ బ్యాండ్ వచ్చేసరికి నేల మీద కూర్చునేవాళ్లని ప్రతి షోలో చూస్తాం.

గేటు బయట రోడ్డు పక్కన టీషర్టులు అమ్ముతుంటారు. వెనక టూర్ తేదీల్లో ఒక్కోసారి ఊరి పేరే తప్పు ఉంటుంది, ఒక ఉతుకుకే మెయిడెన్ బొమ్మల్లో కనిపించే భూతం ఎడ్డీ మొహం పగుళ్లిస్తుంది. అసలైనది కావాలంటే లోపలికి వెళ్లగానే మర్చండైజ్ కౌంటర్‌కి వెళ్లండి. మీడియం, లార్జ్ సైజులు సాయంత్రానికే అయిపోతాయి. కొన్నది నడుముకి కట్టేసుకుంటే చేతులు ఖాళీ.

లోపలికి వెళ్లాక ఇంకో మూడు పనులు: మరుగుదొడ్లు, నీళ్లు, ఫస్ట్ ఎయిడ్ టెంట్ ఎక్కడున్నాయో చూడటం, మీరు వచ్చిన గేటు కాకుండా ఇంకో బయటి దారి గుర్తుపెట్టుకోవడం, గుంపుగా వచ్చినవాళ్లు కలుసుకునే చోటు తేల్చుకోవడం. "స్టేజి దగ్గర" అన్నది చోటు కాదు. "రెండో నీళ్ల కౌంటర్ ఎడమపక్క స్తంభం" అన్నది చోటు. వేలమంది ఒకేసారి వీడియోలు పంపుతుంటే నెట్ పనిచేయదు. మామూలు ఎస్ఎంఎస్ మాత్రం కాస్త ఆలస్యంగానైనా వెళ్తుంది.

మొదట వాయించే బ్యాండ్లని వదిలేయకండి. 2007లో బెంగళూరులో మెయిడెన్‌కి ముందు స్టేజి ఎక్కింది ఢిల్లీ బ్యాండ్ పరిక్రమ. ఆ ఏడాదే వాళ్లు ఇంగ్లండ్ డౌన్‌లోడ్ ఫెస్టివల్‌లో కూడా వాయించారు.

మెయిడెన్ షోకి ఒక గుర్తుంది. స్పీకర్లలో యూఎఫ్ఓ బ్యాండ్ పాత పాట "డాక్టర్ డాక్టర్" వినిపించిందంటే బ్యాండ్ వచ్చేస్తోందని అర్థం. మరుగుదొడ్డి క్యూలో ఉంటే తేల్చుకోవాల్సింది అప్పుడే.

8. ఎక్కడ నిలబడాలి, ఎలా నిలబడాలి

బ్యారికేడ్ దగ్గర బ్యాండ్ చెమట కూడా కనిపిస్తుంది, నిజమే. కానీ అక్కడ వినిపించేది సబ్‌వూఫర్ల దడదడ, స్టేజి మీద డ్రమ్స్. గాయకుడి గొంతు మీ తల మీదుగా వెనక్కి పోతుంది. మంచి శబ్దం కావాలంటే మైదానం మధ్యలో సౌండ్ ఇంజనీర్ కూర్చునే మిక్సర్ టెంటుకి కాస్త ముందు, నడి వరసలో నిలబడండి. ఆయన వింటున్నదే మీరూ వింటారు. ఆనుకోవడానికి ఒక రెయిలింగ్ దొరికితే నడుముకి పుణ్యం. ఖరీదైన ముందు విభాగం వద్దని అన్నది ఇందుకే. ఇంకా వెనక్కి పోతే శబ్దం గాలికి ఊగుతుంది, పైగా సెకనుకి సుమారు 340 మీటర్లే ప్రయాణిస్తుంది కాబట్టి వంద మీటర్ల దూరంలో తెర మీద డ్రమ్ దెబ్బ కనిపించాక దాదాపు మూడో వంతు సెకనుకి చెవికి చేరుతుంది. పెద్ద షోల్లో మైదానం మధ్యలో పెట్టే స్పీకర్ స్తంభాలు, అంటే డిలే టవర్లు, వెనక శబ్దాన్ని స్పష్టంగా వినిపిస్తాయి గానీ ఆ ఆలస్యాన్ని పోగొట్టవు.

మోష్ పిట్, అంటే జనం మధ్యలో ఖాళీ చేసుకుని ఒకరినొకరు ఢీకొంటూ ఎగిరే చోటు, చూసి భయపడక్కర్లేదు, దానికీ మర్యాదలున్నాయి. పడ్డవాణ్ణి లేపాలి, చుట్టూ ఉన్నవాళ్లు ఆగాలి. మోచేతులు, పిడికిళ్లు ఎత్తకూడదు. కళ్లజోడు దొరికితే పైకెత్తి చూపించాలి. ఇష్టం లేనివాణ్ణి లాగకూడదు. అమ్మాయిల మీద చెయ్యి వేసేవాడు కనిపిస్తే సెక్యూరిటీకి పట్టివ్వాలి, అందులో మొహమాటం వద్దు. కళ్లజోడు ఉన్నవాళ్లు వెనక పట్టీ కట్టుకోండి. పిట్‌కి దూరంగా ఉండాలనుకుంటే మధ్యలో ఖాళీ గుండ్రంగా తెరుచుకోవడం కనపడగానే పక్కకి జరగండి.

నిజంగా భయపడాల్సింది పిట్‌కి కాదు, కదలిక లేని కిక్కిరిసిన జనానికి. 1988 ఆగస్టు 20న ఇంగ్లండ్ డోనింగ్టన్‌లో మాన్‌స్టర్స్ ఆఫ్ రాక్ జరిగింది, ఆ రోజు ముఖ్య బ్యాండ్ మెయిడెనే. వాళ్లకన్నా ముందు గన్స్ ఎన్ రోజెస్ వాయిస్తుండగా బురద నేల మీద జనం కూలి ఇద్దరు అభిమానులు చనిపోయారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర 11 మంది పోయారు, అదీ లోపల కాదు, గేట్ల బయట. ఇలాంటి చోట్ల ఎక్కువమంది ప్రాణం పోయేది తొక్కిసలాట వల్ల కాదు, ఛాతీ నొక్కుకుపోయి ఊపిరి ఆడకపోవడం వల్ల.

గుర్తుపట్టడం ఇలా. చుట్టూ అందరి భుజాలూ మీకు తగులుతున్నా చేతులెత్తి మొహం తుడుచుకోగలిగితే ఇంకా సమయం ఉంది, అప్పుడే బయటపడండి. చేతులు కదలకుండా పోయి, మీ ప్రమేయం లేకుండా అలలాగా ఊగుతుంటే ఆలస్యమైనట్టే. అప్పుడు బాక్సర్‌లా రెండు చేతులూ ఛాతీ ముందు పెట్టి ఊపిరికి చోటు ఉంచుకోండి. తోపుకి ఎదురు తోయకండి. ఒక ఊపు వచ్చి ఆగిన క్షణంలో పక్కకి, ఏటవాలుగా ఒక్కో అడుగు జరగండి. కింద పడినదానికోసం వంగొద్దు, ఫోన్ అయినా సరే. అరవడానికి ఓపిక వృథా చేయకుండా ముందు వరసలో ఉంటే సెక్యూరిటీ వాళ్లకి చేతులెత్తి చూపించండి, వాళ్లు బ్యారికేడ్ మీదుగా లాగేస్తారు. అలా బయటికి రావడం నామోషీ ఏం కాదు.

ఫోన్ గురించి ఒక్క మాట. 2025 టూర్ ముందు మెయిడెన్ మేనేజర్ రాడ్ స్మాల్‌వుడ్ అభిమానుల్ని ఫోన్లు దించమని కోరాడు. ఒక పాట వీడియో తీసుకోండి, చాలు. వెనక ఉన్నవాడు రాయచూరు నుంచో రాజమండ్రి నుంచో వచ్చింది మీ స్క్రీన్ చూడటానికి కాదు.

9. ఆఖరి పాట తర్వాత

ఎన్‌కోర్ (షో ముగించి వెళ్లి మళ్లీ వచ్చి వాయించే పాటలు) అయ్యాక మళ్లీ వస్తారేమో అని నిలబడిపోయేవాళ్లకి మెయిడెన్ పద్ధతిలో ఒక సూచన ఉంది. బ్రిటిష్ హాస్య బృందం మాంటీ పైథాన్ పాట "ఆల్వేస్ లుక్ ఆన్ ద బ్రైట్ సైడ్ ఆఫ్ లైఫ్" స్పీకర్లలో మొదలైతే ఇక వాళ్లు రారు.

అయితే వెంటనే గేటు వైపు పరిగెత్తొద్దు. మెట్రో సమయం మించిపోతే తప్ప పదిహేను ఇరవై నిమిషాలు అక్కడే కూర్చోండి. కాళ్లు చాపుకోండి, నీళ్లు తాగండి. ముందు రద్దీ పోనివ్వండి. క్యాబ్ కావాలంటే గేటు ముందు బుక్ చేయకండి. మైదానం నుంచి కిలోమీటరో రెండో నడిచి, పెద్ద రోడ్డు మీద ఏదైనా పెట్రోల్ బంకు దగ్గర నిలబడి పిలవండి. డ్రైవర్‌కి దొరుకుతారు, రేటు కూడా కాస్త దిగుతుంది. గుంపులో ఆడపిల్లలు ఉంటే ఎవరు ఎవరితో వెళ్తున్నారో ముందే అనుకుని ఉండండి, ఆ వేళప్పుడు నిలబడి చర్చించుకునే పని పెట్టుకోవద్దు. రాత్రికి ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఒకటి గదిలో ఉంచుకోండి.

మర్నాడు మెడ తిరగదు, గొంతు రాదు. రెండూ రెండు మూడు రోజుల్లో సర్దుకుంటాయి. చెవిలో గుయ్ మంటున్న మోత ఒకటి రెండు రోజులు దాటినా తగ్గకపోయినా, ఒక చెవి బాగా తక్కువగా వినిపిస్తున్నా "అదే పోతుందిలే" అని ఊరుకోకుండా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఉన్నట్టుండి వినికిడి తగ్గినప్పుడు మందులు మొదటి కొద్దిరోజుల్లో వేసుకుంటేనే బాగా పనిచేస్తాయి. టూర్ టీషర్ట్ మాత్రం తిరగేసి, చల్లనీళ్లలో, చేత్తో ఉతకండి.